చాసిస్ చూశాకే జీపు సంగతి

ప్రశ్న: మా పెదనాయన వాడిన మహీంద్రా ఎంఎం 540 డీజిల్ జీపు చింతచెట్టు కింద పన్నెండేళ్లుగా పడుంది. ఫ్లోరంతా తుప్పు తినేసింది. బాగుచేయించాలా, తుక్కుకు వేసేయాలా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ఫ్లోరు పోయిందని దిగులు పడకండి. అది రేకు, కోసి కొత్తది వేయించవచ్చు. తేల్చాల్సింది చాసిస్, అంటే బండి బరువంతా మోసే అడుగు ఇనుప చట్రం. బండిని స్టాండ్లపై నిలబెట్టి, చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే ఇనుము గట్టిగా ఉన్నట్టే. దబ్‌మన్న చోట స్క్రూడ్రైవరుతో గుచ్చండి. కమాన్ పట్టీల బ్రాకెట్లు, వెనక అడ్డపట్టీ మరీ ముఖ్యం. అక్కడ బురద నిలిచి లోపల్నుంచి తింటుంది, పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒకటి రెండు చోట్లయితే కుళ్లింది పూర్తిగా కోసి, అదే మందం ప్లేటు వేయించండి. తుప్పు మీదే అతుకేస్తే వెల్డింగు పట్టదు, దాని పక్కనే చిరుగుతుంది. రెండు వైపులా పొడవునా పెచ్చులూడుతుంటే ఆశ వదులుకోండి.

ఇంజనుకు సెల్ఫ్ కొట్టొద్దు. ఇంజెక్టర్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే గొట్టాలు) విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల డీజిల్ పోసి, రెండు మూడు రోజులు నాననివ్వండి. తర్వాత ఇంజను ముందుండే క్రాంక్ పుల్లీ చక్రాన్ని పానాతో మెల్లగా తిప్పండి. లోపలి డీజిల్ బయటికి చిమ్మేశాకే ఇంజెక్టర్లు బిగించాలి.

ఖర్చు పెట్టేముందు ఆర్‌సీ వెతకండి. 15 ఏళ్లు దాటిన బండికి రెన్యువల్ కావాలి. చాసిస్ నంబరు చదవగలిగేలా ఉండాలి, అక్కడ గ్రైండరు పెట్టనివ్వకండి.

మన దగ్గర కార్తీకం వానల్లో తుప్పు రుద్ది తీసిన ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. రుద్దిన రోజే ఎపాక్సీ ప్రైమరు (పెయింటు కింద వేసే తుప్పు నిరోధక పూత) పడాలి.