కోటు నల్లగా లేదు, పెళ్లికూతురు చీకట్లో ఉంది

ప్రశ్న: మాది తెనాలిలో చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌లు నేనే డిజైన్ చేస్తాను. పాత మానిటర్ పోతే 24 అంగుళాల కొత్తది కొని, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాను. పెళ్లికొడుకు నల్లకోటు తెర మీద బూడిద రంగులో కనిపిస్తోంది. ఫొటోలో నలుపు పెంచి ల్యాబ్‌కు పంపితే ఆల్బమంతా చీకటిగా వచ్చింది, ముఖాలు పసుపుపచ్చగా తిరిగాయి. పెళ్లివారు ఊరుకుంటారా? ల్యాబ్‌వాళ్లేమో తప్పు తమది కాదంటున్నారు. మానిటర్ మార్చాలా, ల్యాబ్ మార్చాలా?
– ఒక స్టూడియో యజమాని, తెనాలి

జవాబు: ఏదీ మార్చకండి. ముఖ్యంగా ఫొటోలను మార్చడం ఇవాళే ఆపండి. తెర అబద్ధం చెబుతుంటే దానికి తగ్గట్టు మీరు బొమ్మలు దిద్దారు; ల్యాబ్ మీరు పంపింది పంపినట్టే అచ్చు వేసింది.

ముందు కోటు సంగతి. కంప్యూటర్ ప్రతి రంగునూ 0 నుంచి 255 దాకా అంకెల్లో లెక్కిస్తుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. టీవీల లెక్క వేరు: అక్కడ 16 నలుపు, 235 తెలుపు. హెచ్‌డీఎంఐ టీవీల వాళ్లు తెచ్చిన పద్ధతి. అందుకే తెరకు బొమ్మను పంపే గ్రాఫిక్స్ కార్డుల్లో కొన్ని అవతల ఉన్నది టీవీయే అనుకుని 16 నుంచి 235 వరకే పంపుతాయి. మీ మానిటర్‌కు 0 వస్తేనే నలుపు. 16 వస్తే ముదురు బూడిద చూపిస్తుంది. కోటు వెలిసిపోయింది అందుకే.

గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు తెరిచి, డిస్‌ప్లే పేజీలో ‘డైనమిక్ రేంజ్’ లేదా ‘క్వాంటైజేషన్ రేంజ్’ అన్న మాట కోసం చూడండి. అక్కడ ‘లిమిటెడ్’ అని ఉంటే ‘ఫుల్’ చేయండి. మానిటర్ మెనూలోనూ దీనికి జోడీ ఉండవచ్చు. ఒక కంపెనీ ‘ఆర్‌జీబీ రేంజ్’ అంటుంది, మరొకటి ‘బ్లాక్ లెవెల్’ అంటుంది. రెండు వైపులా ఒకే మాట మీద ఉండాలి. కంప్యూటర్ ‘ఫుల్’ పంపుతుంటే మానిటర్ ‘లిమిటెడ్’లో ఉందనుకోండి, గొడవ తిరగబడుతుంది: కోటు కాలరు, గుండీలు, జేబు అంచు అన్నీ ఒకే నల్లముద్ద అవుతాయి.

సరిగ్గా కుదిరిందో లేదో కంటితోనే తేల్చుకోవచ్చు. మీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేజీ అంతా 0 నలుపు నింపి, దాని మీద 5, 10, 15, 20 విలువలతో నాలుగు చదరాలు గీయండి. గది లైటు తగ్గించి చూడండి. 20 తేలిగ్గా, 15, 10 కాస్త కష్టపడితే కనిపించాలి. 5 కనిపించకపోయినా బాధ లేదు. అలాగే తెల్ల పేజీ మీద 240, 245, 250 వేయండి. పట్టుపంచె మడతలు ఉండేది ఆ చివరనే.

ఇక చీకటి ఆల్బమ్. దీనికి కోటు నలుపు పెంచడం ఒక కారణమైతే, బ్రైట్‌నెస్ అసలు కారణం. కొత్త మానిటర్లు దుకాణపు వెలుతురులో కూడా మెరవాలని చాలా ప్రకాశంగా పెట్టి పంపుతారు. మామూలు మానిటర్ గరిష్ఠంగా చదరపు మీటరుకు 250 నుంచి 300 క్యాండెలాల వెలుగు ఇస్తుంది. తెరలు రంగులు ఎలా చూపాలో చెప్పే ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం రాసినవాళ్లు లెక్కలోకి తీసుకున్న తెర వెలుగు 80 మాత్రమే. అచ్చుపని చేసేవాళ్లు సాధారణంగా 80 నుంచి 120 మధ్య పెట్టుకుంటారు. కొత్త మానిటర్‌లా 250, 300 వెలుగున్న తెర మీద ఏ ముఖమైనా కళకళలాడుతుంది. కాగితానికి సొంత దీపం ఉండదు కదా.

కొలిచే పరికరం లేకపోతే తెల్ల కాగితం తీసుకోండి. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, కాగితాన్ని పక్కనే గది వెలుతురులో పట్టుకోండి. కాగితం కంటే తెర దీపంలా వెలుగుతున్నంతసేపూ బ్రైట్‌నెస్ తగ్గిస్తూ పోండి. మొదట్లో తెర నీరసంగా తోస్తుంది, రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. కాంట్రాస్ట్‌ను మాత్రం కంపెనీ పెట్టినచోటే వదిలేయండి. ‘డైనమిక్ కాంట్రాస్ట్’ ఉంటే తీసేయండి. బొమ్మ మారినప్పుడల్లా వెలుగు మార్చే ఆ సదుపాయం సినిమా చూసేవారికే, మీకు శత్రువు.

పసుపు ముఖాలకు కారణం తెరలోని నీలం. రంగుల మెనూలో ‘కూల్’ ఉంటే తెల్లదనం నీలంవైపు వాలుతుంది, అది సరిచేయబోయి మీరు పసుపు కలిపి ఉంటారు. 6500 కె లేదా ‘ఎస్‌ఆర్‌జీబీ’ ఎంచుకోండి. ఎస్‌ఆర్‌జీబీ పెట్టాక కొన్ని మానిటర్లు బ్రైట్‌నెస్ కదలనివ్వవు. అలాగైతే 6500తోనే సరిపెట్టుకోండి. రాత్రిపూట కంప్యూటర్ తనంతట తానే తెరను పసుపుపచ్చగా మార్చే ‘నైట్ లైట్’ను కూడా ఆపండి. ఇది మరిచిపోయి మానిటర్‌ను తిట్టేవారు చాలామంది. పని మొదలుపెట్టే ముందు తెరను అరగంట వెలగనివ్వండి.

ఇదంతా అయ్యాక పాత ఆల్బమ్‌లోంచి ఒక ఫొటోను, మీరు దిద్దకముందు ఉన్నట్టే, ల్యాబ్‌కు పంపి చిన్న సైజులో అచ్చు తెప్పించుకోండి. అది తెర మీది బొమ్మతో కలిస్తే మిగతావి పంపండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ని. అబ్బాయి కొత్త మానిటర్ పంపాడు. కంప్యూటర్ నడుస్తున్న చప్పుడు వస్తోంది కానీ, తెర మీద ‘నో సిగ్నల్’ అన్న డబ్బా అటూ ఇటూ తిరుగుతోంది. పాడైందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: లేదు మాస్టారూ. ఆ డబ్బా కనిపించిందంటే మానిటర్ బాగానే ఉంది. వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు రెండు ఉంటే వాటి పక్కన 1, 2 అని చెక్కి ఉంటుంది. కేబుల్ దేనిలో ఉందో చూసి, మెనూలో ‘ఇన్‌పుట్’ అన్నచోట అదే ఎంచుకోండి. కంపెనీవాళ్లు మీటలన్నీ తెర కింద దాస్తారు కాబట్టి, తడుముకునేటప్పుడు పవర్ మీట నొక్కేయకుండా చూడండి. అప్పటికీ రాకపోతే కంప్యూటర్ వెనక చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు బిగించి ఉంటే, కేబుల్ దాని రంధ్రంలోనే ఉండాలి.

మీ కంప్యూటర్ పాతదై నీలం మూతి ఉన్న వీజీఏ కేబుల్ వాడాల్సి వస్తే అక్షరాలు మసకగా ఉండవచ్చు. వీజీఏ 1987 నాటి పద్ధతి, సంకేతాన్ని అంకెల్లో పంపదు. తెర నిండా అక్షరాలున్న పేజీ తెరిచి మెనూలో ‘ఆటో అడ్జస్ట్’ నొక్కండి. హెచ్‌డీఎంఐలో ఉంటే ఆ వరుస వెలవెలబోయి ఉంటుంది, నొక్కినా పలకదు. దానితో అవసరమూ ఉండదు.