ఆరు దేశాలు వద్దు, మూడు చాలు

చిరంజీవి స్వాతికి, అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ అంతా చదివాను. మూడు నెలలు, ఆరు దేశాలు, మూడు లక్షలు. డబ్బు సరిపోతుంది, దేశాలే ఎక్కువయ్యాయి.

ఇలాంటి ప్రయాణంలో ఒకచోట ఉన్నందుకు పెద్దగా ఖర్చవదు, చోటు మారినప్పుడల్లా అవుతుంది. హనోయ్‌లో హాస్టల్ మంచం రోజుకి ఐదారు వందలకే దొరుకుతుంది. కానీ దేశం మారావంటే విమానం, బ్యాగుకి విడిగా ఛార్జి, ఎయిర్‌పోర్టు టాక్సీ, వీసా, సిమ్, కరెన్సీ మార్పిడిలో పోయేది, అన్నీ కలిసి తడిసి మోపెడవుతుంది. అందుకే ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ ఈసారికి తీసెయ్, కంబోడియా సంగతి తర్వాత చెప్తాను. థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం ఉంచు. మూడూ వరసగా ఆనుకుని ఉన్న దేశాలు, మధ్యలో విమానం ఎక్కే పనే లేదు. బ్యాంకాక్‌లో దిగు, హోచిమిన్ సిటీ నుంచి తిరిగి రా. వెళ్ళిన దారినే వెనక్కి రావడం డబ్బు, రోజులు రెండూ దండగ.

నవంబరులో మొదలుపెట్టు. అప్పటికి ఉత్తర థాయ్‌లాండ్‌లో వానలు తగ్గుతాయి. ఫిబ్రవరి దాటితే చియాంగ్‌మై చుట్టుపక్కల పొలాలు, అడవులు తగలబెట్టిన పొగతో ఊపిరాడదు, ఆలోపే దాటెయ్. అక్కణ్ణుంచి చియాంగ్‌ఖోంగ్ దగ్గర వంతెన దాటితే లావోస్‌లో హువేసాయ్ వస్తుంది. మెకాంగ్ మీద లువాంగ్ ప్రబాంగ్‌కి రెండు రోజుల పడవ అక్కడే ఎక్కాలి. రాత్రికి పాక్‌బెంగ్‌లో ఆపుతారు. బస్సులో తొందరగా వెళ్ళొచ్చు కదా అంటావేమో, వద్దు. ఆ రెండు రోజులూ నది, కొండలు, ఒడ్డున దిగిపోయే పల్లె జనం తప్ప ఇంకేమీ ఉండదు. నీలాంటి పిల్ల చూడాల్సింది అదే. లువాంగ్ ప్రబాంగ్‌లో కనీసం వారం ఉండు.

తర్వాత నోంగ్‌ఖియావ్, మువాంగ్‌ఖువా మీదుగా తాయ్‌ట్రాంగ్ సరిహద్దు దాటి వియత్నాంలోని దియన్‌బియన్‌ఫూ చేరు. 1954లో ఫ్రెంచి సైన్యం ఓడిపోయిన ఊరు అది, ఒక పూట ఆగి చూడు. వియత్నాం ఈ-వీసాలో ఏ సరిహద్దు నుంచి ప్రవేశిస్తావో ముందే రాయాలి. అక్కడ తప్పు రాస్తే వెనక్కి పంపెయ్యొచ్చు. 2023 ఆగస్టు నుంచి 90 రోజుల వరకు ఇస్తున్నారు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లే, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కట్టు. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు రెట్టింపు గుంజుతాయి. థాయ్‌లాండ్ నియమాలు తరచూ మారుతుంటాయి, టికెట్ కొనేముందు వాళ్ళ రాయబార కార్యాలయం సైటు చూసుకో.

వియత్నాంలో హనోయ్ నుంచి దక్షిణానికి 1,726 కిలోమీటర్ల రైలు మార్గం ఉంది. రాత్రి రైళ్ళలో పడుకుంటే హోటల్ ఖర్చు మిగులుతుంది. హుయే నుంచి డానాంగ్ వరకు మాత్రం పగటి రైలే ఎక్కు, హైవాన్ కనుమ దగ్గర పట్టాల పక్కనే సముద్రం. జనవరి చివర్లోనో, ఫిబ్రవరిలోనో వాళ్ళ కొత్త సంవత్సరం, టెట్ పండుగ వస్తుంది. ఆ వారం టికెట్లు దొరకవు, దుకాణాలు మూసేస్తారు. తేదీ చూసుకుని ముందే ఒకచోట కుదురుకో. ఉత్తరాన చలి కూడా ఉంటుంది, స్వెట్టర్ మర్చిపోకు.

కంబోడియాలో అంగ్‌కోర్ గుళ్ళు చూడకుండా ఎలా అంటావని తెలుసు. డబ్బు మిగిలితే హోచిమిన్ సిటీ నుంచి కంబోడియా రాజధాని నామ్‌పెన్‌కి బస్సుంది. అంగ్‌కోర్ చూడ్డానికి మూడు రోజుల పాసే 62 డాలర్లు, అది లెక్కలో వేసుకో. థాయ్‌లాండ్ వైపు నుంచి వెళ్ళాలనుకోకు. 2025లో ఘర్షణలు వచ్చి ఆ సరిహద్దు మూసేశారు.

కార్డులు రెండు పెట్టుకో, వేర్వేరు సంచుల్లో. బయల్దేరేముందే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చెయ్యి. ఓటీపీలు మన నంబరుకే వస్తాయి కాబట్టి ఇక్కడి సిమ్‌కి రోమింగ్ ఉంచు. థాయ్ ఏటీఎంలు తీసిన ప్రతిసారీ 220 బాట్లో, అంతకన్నా ఎక్కువో పట్టేస్తాయి. చిన్న మొత్తాలు పదేపదే తీయకు.

వియత్నాంలో స్కూటర్ నడపనని మాటివ్వు. మనకిచ్చే అంతర్జాతీయ లైసెన్సు 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు రవాణా ఒప్పందం కిందది, అక్కడ చెల్లేది 1968 ఒప్పందం కిందది. పడితే ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వరు. ఉత్తర వియత్నాంలోని హజాంగ్ కొండలు చూడాలంటే డ్రైవరు వెనక కూర్చుని వెళ్ళు. ఆ ఖర్చు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

ఒంటరిగా వెళ్తున్నావని మీ అమ్మ టెన్షన్ పడుతోంది. కొత్త ఊళ్ళోకి పగలే దిగేలా టికెట్లు తీసుకో. మొదటి రెండు రాత్రులకి ఆడవాళ్ళ డార్మిటరీ ముందే బుక్ చేసుకో. పాస్‌పోర్టు, వీసాల కాపీలు నాకూ అమ్మకూ పంపు. తిరిగొచ్చే తేదీకి పాస్‌పోర్టులో ఆరు నెలలకు పైగా గడువుందో లేదో ఈరోజే చూసి చెప్పు, లేకపోతే ముందు ఆ పని చూద్దాం.

ప్రేమతో,
అత్త