తిరిగి చెప్పించు

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ మొదటిసారి చదువుతూ ఏడో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పెట్టేశాను. 33,000 అడుగుల ఎత్తులో రెండు విమానాలు ఎదురెదురుగా వస్తుంటే విమానాలకు ఎత్తూ దారీ చెప్పే నీ కంట్రోలర్ అమ్మాయి విమానాశ్రయం టవర్ కిటికీలోంచి చూసి కేకలు పెట్టిందా? ఆ ఎత్తులో ఎగిరేవాటిని చూసుకునేవాళ్లు టవర్‌లో కూర్చోరమ్మా. రాడార్ తెర ముందు కూర్చుంటారు. వాళ్లకు కనిపించేది ఒక గుర్తు, దాని పక్కన విమానం పిలుపు పేరు, ఎత్తు, వేగం. ఇంజను మోత కూడా వినపడదు. వాళ్ల చేతిలో ఉన్నది మాట ఒక్కటే.

కొబ్బరి దింపు తీయిస్తున్న తండ్రి తలెత్తి, పైన పోతున్న విమానం తన కూతురి అజమాయిషీలోదేనా అనుకోవడం బాగుంది. దాన్ని ముట్టుకోకు.

నేను మొదటి నుంచీ పట్టుకు కూర్చున్నది ఒకటే: కథలో మాట అన్నవాడికంటే విన్నవాడు ముఖ్యం. నీ కథలో అందరూ అంటారు, ఒక్కరూ వినరు. కంట్రోలర్ ఎత్తు చెబితే పైలట్ ఆ అంకెను తిరిగి చెప్పాలి. అతను చెప్పింది సరిగా ఉందో లేదో కంట్రోలర్ మళ్లీ వినాలి. ప్రాణాలన్నీ ఆ రెండో వినికిడి మీద ఉంటాయి. పిలుపు పేర్లు దగ్గరగా ఉన్న రెండు విమానాలు ఒకే రేడియో ఫ్రీక్వెన్సీలో ఉన్నాయనుకో. ఒకదానికి ఇచ్చిన ఎత్తును రెండోది అందుకుని తిరిగి చెబుతుంది. పని ఒత్తిడిలో ఉన్న అమ్మాయి, బదులిచ్చిన గొంతు వేరని గమనించదు. నిలువునా ఉండాల్సిన 1,000 అడుగుల ఎడం తరిగిపోవడం మొదలవుతుంది. దీనికి కేకలెందుకు?

1977 మార్చి 27న స్పెయిన్‌వాళ్ల టెనెరిఫే దీవిలో ఏం జరిగిందో చదువు. పొగమంచులో రెండు జంబో జెట్లు, ఒకటి డచ్చివాళ్ల కేఎల్ఎం, ఇంకోటి అమెరికావాళ్ల పాన్‌యామ్, ఒకే రన్‌వే మీద ఉన్నాయి. కేఎల్ఎం విమానాన్ని ఆగమని టవర్ అంటున్న క్షణంలోనే, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని పాన్‌యామ్ వాళ్లు అన్నారు. రెండు మాటలూ ఒకదానిమీద ఒకటి పడి, కేఎల్ఎం కాక్‌పిట్‌లో కీచుమన్న శబ్దం వచ్చింది. అప్పటికే విమానం పరుగందుకుంది. పాన్‌యామ్ తప్పుకోలేదా అని ఫ్లయిట్ ఇంజనీరు అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా అన్నాడు. ఇంజనీరు ఇక రెట్టించలేదు. రెండూ ఢీకొని 583 మంది పోయారు. నేనైతే కథంతా ఆ ఇంజనీరు కుర్చీలోంచే రాస్తాను.

మన దేశంలో 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రి మీద ఆకాశంలో జరిగినదీ అంతే. కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు, 14,000లో సౌదీ విమానం ఎదురొస్తోందని హెచ్చరించారు కూడా. రేడియోలో జవాబిస్తున్నది ఒకరు, విమానం నడుపుతున్నది మరొకరు. కజక్ విమానం ఇంకా కిందికి దిగిపోయి సౌదీ విమానాన్ని ఢీకొంది. 349 మంది.

ఇలా తిరిగి చెప్పే మాటలు రాస్తే సంపాదకులు కొట్టేస్తారని నీకు భయం ఉండవచ్చు. కొట్టేస్తారు. నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో రాత్రి డ్యూటీలు చేస్తూ, ట్రంకు కాల్స్ మధ్య కథలు రాసుకునేవాణ్ణి. ఒక కథలో కొడుకు చెప్పిన ఆస్పత్రి నంబరును ఆపరేటరు తిరిగి చదువుతుంటే, ఆ కొడుకుకి గొంతు పూడుకుపోయి 'అవును' అనలేకపోతాడు. ఆ కథకు ప్రాణం అదే. ఒక సంపాదకుడు 'చెప్పిందే చెప్పారు' అంటూ ఆ రెండోసారిని కొట్టేసి అచ్చు వేశాడు. ఆ సంచికను ఇంట్లో ఉంచుకోలేదు. ఈమధ్య ఇంకో జాడ్యం, వాక్యానికో ఉపమానం. నీ విమానాలు గద్దలయ్యాయి, మేఘాలు దూదిపింజలయ్యాయి. ఎవరు నేర్పారు నీకిది?

దింపు రోజున మీ తోటలో చెట్టు కింద నిలబడు. పైనున్నవాడు గెల నరికే ముందు కేక వేస్తాడు. కింద కాయలు ఏరేవాళ్లు బదులివ్వకపోతే కత్తి ఎత్తడు, మళ్లీ పిలుస్తాడు. నీ అమ్మాయి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగింది ఇదే. తండ్రిని అంత బాగా రాసినదానివి, ఈ కేకను ఎలా వదిలేశావు?

కథ పేరు మార్చాలా, పోటీకి పంపాలా అని అడిగావు. ముందు ఏడో పేజీ నుంచి తిరగరాయి. ఆ కిటికీ తీసేయి. ఒక ఎత్తు, దాన్ని అందుకున్న వేరే గొంతు, అమ్మాయి అది పసిగట్టేలోపు గడిచిన కొద్ది సెకన్లు ఉంటే చాలు. రాశాక పోస్టులోనే పంపు, ఫోనులో చదవడం నాకు కష్టం.