‘మండల’ గీస్తారా, మండలంలోకి వెళతారా?

సందేహం: బౌద్ధ ధ్యానం గురించి చదువుతుంటే ‘మండల’ అనే మాట తరచూ కనిపిస్తోంది. మనకు తెలిసిన మండలం, ఇదీ ఒకటేనా? ఎలా రాయాలి? బొమ్మను చూస్తూ ధ్యానం చేయడమేనా దాని ఉద్దేశం?

సమాధానం: మాట ఒకటే. సంస్కృతంలో ‘మండల’ నపుంసకలింగ శబ్దం. ఫలము, వనము లాగే తెలుగులో ‘ము’ చేరి మండలము, వాడుకలో మండలం అవుతుంది. సమాసంలో ‘మండల ధ్యానం’ సరైనదే. విడిగా ‘మండల గీశారు’ అంటే ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి రాసినట్టుంటుంది. ‘మండాలా’ అని దీర్ఘం తగిలించడానికైతే ఏ ఆధారమూ లేదు.

అసలు అర్థం గుండ్రనిది. సూర్యమండలంలో అది బింబం, 1985లో వచ్చిన పాలనా మండలంలో హద్దు. బౌద్ధంలో హద్దు ఎంత ముఖ్యమో నడిమి భాగమూ అంతే. టిబెటన్లు దీన్ని ‘క్యిల్‌ఖోర్’ అన్నారు. క్యిల్ అంటే నడుమ, ఖోర్ అంటే చుట్టు. ‘మండం’ అంటే సారం (గంజికీ మీగడకీ కూడా ఆ పేరుంది), ‘లా’ అంటే గ్రహించడం కాబట్టి సారాన్ని పట్టి ఉంచేది మండలం అని తాంత్రిక వ్యాఖ్యాతలు చెబుతారు. అది సాధకుల వ్యుత్పత్తి, భాషాశాస్త్రం వాళ్లది కాదు. నాకు మాత్రం నచ్చింది.

ఇక ధ్యానం సంగతి. శ్రీలంక, ఆగ్నేయాసియాల్లో ఉన్న ప్రాచీన బౌద్ధ శాఖ థేరవాదంలో ఇది చాలా నిరాడంబరం. అయిదో శతాబ్దపు బుద్ధఘోషుడు ‘విశుద్ధిమగ్గ’ అనే ధ్యాన గ్రంథంలో చెప్పిన కసిణ (మనసు నిలపడానికి చూసే వస్తువు) మండలం జేనా నాలుగు వేళ్ల వెడల్పున్న మట్టి బిళ్ల, అంతే. మట్టి ఉదయకాంతి రంగులో ఉండాలి. రెండున్నర మూరల దూరంలో కూర్చుని, కళ్లు మూసుకున్నా అది కనిపించేదాకా చూడాలి. ఇక్కడ ‘చూడటం’ సరైన క్రియే.

టిబెట్‌లో ఉన్న తాంత్రిక బౌద్ధ శాఖ వజ్రయానంలో అలా కాదు. అక్కడి మండలం ఒక భవనం ప్లాను: వలయాల లోపల చతురస్రం, నాలుగు ద్వారాలు, నడుమ ప్రధాన దేవత. కాలచక్ర మండలంలో 722 మంది దేవతలుంటారు. సాధకుడు ఆ భవనాన్ని మనసులో కట్టుకుని అందులో తానే ఆ దేవతగా భావన చేస్తాడు. అందుకే దీక్షలో వాడే మాట ‘మండల ప్రవేశం’. శిష్యుణ్ని కళ్లకు గంతలు కట్టి తీసుకొస్తారు. అతడు విసిరిన పువ్వు ఎక్కడ పడితే దాన్నిబట్టి అతడు ఏ బుద్ధకులానికి (ఒక్కో బుద్ధుడి పేర ఉన్న దేవతల కుటుంబానికి) చెందుతాడో నిర్ణయిస్తారు. కాబట్టి ఈ మండలాన్ని ‘చూశారు’ అనేకంటే అందులో ‘ప్రవేశించారు’ అంటేనే విషయం తెలుస్తుంది.

మరో మాట. రోజుల తరబడి రంగుల ఇసుకతో వేసిన రజోమండలాన్ని చివరికి ‘ధ్వంసం చేశారు’ అని వార్తల్లో రాస్తుంటారు. ముందు దేవతలను సాగనంపి, తర్వాత ఇసుకను ఊడ్చి నీళ్లలో కలుపుతారు. దానికి మనకు ‘ఉద్వాసన’ అనే మాట ఉండనే ఉంది.