1933 నాటి 'నైట్ ఫ్లైట్' ఇప్పుడు చూడొచ్చా?

విమాన సర్వీసుల తొలిరోజుల మీద పాత హాలీవుడ్ సినిమా ఒకటి చెప్పమన్నారు, విసుగు పుట్టించకూడదని కూడా అన్నారు. నేనైతే ఎం.జి.ఎం. స్టూడియో వాళ్ల 'నైట్ ఫ్లైట్' చూడమంటాను. విసుగు సంగతికి మాత్రం నాది పూచీ కాదు, మధ్యలో కాస్త సాగుతుంది.

దీనికి ఆధారం సెంట్ ఎగ్జూపెరీ ఫ్రెంచి నవల. ఆయన స్వయంగా అర్జెంటీనాలో టపా విమానాల పని చూసినవాడు. కథ కూడా అక్కడి రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లోనే నడుస్తుంది. పగలంతా ఎగిరిన విమానం చీకటి పడగానే దిగిపోతే, రాత్రంతా నడిచే రైళ్లూ ఓడలూ ఆ తేడా పూడ్చేస్తాయి. అలాంటప్పుడు ఉత్తరాలు విమాన కంపెనీకెందుకు ఇస్తారు? అందుకని రాత్రిళ్లూ ఎగరాల్సిందేనంటాడు ఆ కంపెనీ మేనేజరు రివియేర్. దక్షిణాన ఉన్న పటగోనియా నుంచి రావాల్సిన విమానం తుఫానులో చిక్కుకుంటుంది. ఆ పైలట్ క్లార్క్ గేబుల్. ఆయన కోసం చూసేవాళ్లకు నిరాశే, ఎంతసేపూ కాక్‌పిట్‌లోనే ఉంటాడు, మాటలూ తక్కువే.

నన్ను పట్టుకున్నది నేల మీద జరిగే కథ. మా నాన్న రాజమండ్రి నుంచి విశాఖ వెళ్లే నైట్ సర్వీసు బస్సు నడిపేవారు. తొంభైల్లో ఒక నవంబరు తుఫాను రాత్రి, గాలి మొదలైనా బస్సు పంపించేశారు. తెల్లారినా నాన్న రాలేదు. మాకు ఫోన్ లేదు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్టాండుకి వెళ్లింది. కంట్రోలర్ రిజిస్టర్లోంచి తలెత్తకుండా "వస్తుందమ్మా, బండి వస్తుంది" అన్నాడు. బండి వస్తుందట! ఆ మనిషి మీద నాకు చాలా ఏళ్లు కోపం పోలేదు. నాన్న ఆ సాయంత్రానికి వచ్చారనుకోండి. తుని దగ్గర రోడ్డు మీదికి నీళ్లొస్తే రాత్రంతా పెట్రోల్ బంకు దగ్గరే ఆపుకున్నారట.

సినిమాలో గేబుల్ భార్యగా వేసిన హెలెన్ హేస్ కూడా అలాగే రివియేర్ ఆఫీసుకి వస్తుంది. ఆ సీన్ దగ్గర నేను సినిమా ఆపేసి లేచి కాసేపు తిరిగొచ్చాను. రివియేర్‌గా జాన్ బారీమోర్‌ది కటువైన నటన. ఇన్‌స్పెక్టర్ పాత్ర ఆయన అన్న లయొనెల్‌ది. ఆ పాపం మనిషి ఒక పైలట్‌తో స్నేహంగా భోంచేస్తే, ఆ పైలట్ మీదే అతని చేత శిక్ష రాయిస్తాడు రివియేర్. రాక్షసుడే అనిపిస్తుంది. కానీ నాన్న కూడా చూపు మందగించాక స్టీరింగ్ వదిలి ఉద్యోగంలో చివరి నాలుగేళ్లు కంట్రోలర్ కుర్చీలోనే కూర్చున్నారు. వానలో బస్సులు ఆయనా పంపారు. అందుకే రివియేర్‌ని తేలిగ్గా తిట్టలేకపోయాను.

నవల హక్కుల గడువు తీరిపోవడంతో 1942 తర్వాత ఈ సినిమా దశాబ్దాల పాటు ఎవరికీ దొరకలేదు. 2011లో డీవీడీ వచ్చింది. దొరికితే రాత్రిపూట చూడండి.

రెండోసారి నాన్నతో కలిసి చూశాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. హెలెన్ హేస్ ఆఫీసులోకి రాగానే, "ఆవిడతో ఏమంటున్నాడ్రా?" అని అడిగారు. నేను చెప్పేలోపే వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "ఏమంటాడు, బండి వస్తుందమ్మా అంటాడు."