షెల్ రూఫ్ సెంట్రింగ్ విప్పే ముందు

చిరంజీవి శ్రీధర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

శామీర్‌పేట ఫంక్షన్ హాలు షెల్ రూఫ్ (పలచని వంపు కాంక్రీటు పైకప్పు) డ్రాయింగులు చూశాను. లెక్కలు శ్రద్ధగా చేశావు. నా దిగులంతా ఒక్కచోటే. మాఘమాసం ముహూర్తాలకు హాలు తెరవాలని ఓనరు గారు తొందరపెడుతున్నారనీ, కాంక్రీటు పోసిన ఏడో రోజుకే సెంట్రింగ్ విప్పేద్దామంటున్నారనీ రాశావు. వద్దు నాయనా.

కాంక్రీటు బలం చూసే క్యూబుల పరీక్షలు బాగానే వచ్చాయిగా అంటావు. కానీ ఇంత పెద్ద షెల్‌కి అసలు ముప్పు కాంక్రీటు నలగడం కాదు, ఆకారం చెడడం. పది సెంటీమీటర్లు కూడా మందం లేని పలక వంద అడుగులు దాటి నిలబడుతోందంటే అదంతా వంపు చలవే. కాంక్రీటేమో బరువు మోస్తున్నంతకాలం క్రీప్ వల్ల కొద్దికొద్దిగా కుంగుతూ ఉంటుంది. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 తీసి చూడు: ఏడో రోజున బరువు పడితే క్రీప్ గుణకం (బరువు పడగానే వచ్చే కుంగుదల మీద పోనుపోను ఇంకెన్ని రెట్లు చేరుతుందో చెప్పే అంకె) 2.2, 28వ రోజున అయితే 1.6, ఏడాదికి 1.1. అంటే ఏడో రోజు విప్పితే పోనుపోను నీ కాంక్రీటు బిగువు మూడో వంతుకు దిగిపోయినట్టే. బక్లింగ్‌ని, అంటే పలక నలగకుండానే ఒక్కసారిగా లోపలికి వంగిపోవడాన్ని, ఆపేది ఆ బిగువూ, వంపూనే. గోళాకారపు షెల్ ఒకచోట చదునై అక్కడి వ్యాసార్ధం రెట్టింపైందంటే తట్టుకునే శక్తి నాలుగో వంతే మిగులుతుంది. దాంతో ఇంకా కుంగుతుంది, ఇంకా చదునవుతుంది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని టక్కర్ హైస్కూల్ జిమ్ హైపార్ (గుర్రపు జీను ఆకారపు షెల్) పైకప్పు ఇలాగే కుంగి కుంగి 1970 సెప్టెంబర్‌లో కూలింది. పిల్లలు బతికి బయటపడ్డారు, అదే అదృష్టం.

కాబట్టి 28 రోజులు ఆగు. విప్పేటప్పుడు ఎక్కువ కుంగే నడిమి భాగంతో మొదలుపెట్టి అంచులవైపు రా. ఎడ్జ్ బీముల (షెల్ అంచు దూలాల) కింది సెంట్రింగ్‌ని పక్కనున్న షెల్‌తో పాటే దించాలి. జాకీలు ఒక్కసారిగా వదలనివ్వకు, మేస్త్రీ పక్కనే నువ్వు నిలబడు. విప్పకముందు, విప్పాక, నెలకు, ఎండాకాలంలో, మొదటి వానలయ్యాక అవే పాయింట్లలో లెవెల్స్ (ఎత్తు కొలతలు) తీసి రాసిపెట్టు. నెమ్మదించాల్సిన కుంగుదల పెరుగుతోందంటే వెంటనే హాలు మూయించు, మొహమాటపడకు.

హాలు తెరిచాక వచ్చే ముప్పు వేరు. లీకేజీ అనగానే పైన ఇంకో పొర వాటర్‌ప్రూఫింగ్ వేస్తారు, ఆ బరువు ఎవరూ లెక్కపెట్టరు. డెకరేషన్ వాళ్లు, ఏసీ వాళ్లు డ్రిల్లు పట్టుకుని ఎక్కడ పడితే అక్కడ రంధ్రాలు చేస్తారు. ప్యారిస్ చార్లెస్ డి గాల్ ఎయిర్‌పోర్టు టెర్మినల్ 2ఈ పైకప్పు తెరిచిన ఏడాదిలోపే, 2004 మేలో కూలి నలుగురు చనిపోయారు. ఉక్కు కడ్డీలు ఆనే చోట కాంక్రీటు బలహీనపడి చివరికి అవి లోపలికి గుచ్చుకుపోయాయి. పక్క భాగం ఆ బరువు అందుకునే ఏర్పాటూ లేదు. అందుకే వేలాడదీసేవాటికి ఇన్సర్టులు (తగిలించే ఇనుప బిగింపులు) ఇప్పుడే పెట్టించు, తర్వాత డ్రిల్లింగ్ కుదరదని ఓనరు గారికి రాతపూర్వకంగా ఇవ్వు. నీళ్లు పోయే గొట్టాలు ఒకటి మూసుకుపోయినా రెండోది పనిచేసేలా ఉండాలి. మన దగ్గర వాన గంటలో కుమ్మరిస్తుంది.

ముహూర్తాల సంగతి ఆయనతో నేను మాట్లాడతాను. ఆదివారం సైటుకి వస్తున్నా, లెవెల్స్ తీసే ఆటో లెవెల్ పరికరం తెప్పించి ఉంచు.

మీ పెదనాన్న