కల్చర్‌లో ఏమీ రాలేదు, కుక్కకు మాత్రం తగ్గట్లేదు: ఎందుకు?

హన్మకొండ నుంచి మీరడిగింది: రెండు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడినా కుక్క చుక్కచుక్కగా, ఎర్రగా ఉచ్చ పోస్తోంది, మూత్రం కల్చర్‌లో (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఏమీ రాలేదు. ముందు మూత్రం పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) చూపించండి. 8 దాటి, అమ్మోనియా ఘాటు కొడుతుంటే కొరైనీబ్యాక్టీరియం యూరియాలిటికమ్ అనే బ్యాక్టీరియాను అనుమానించాలి. ఇది మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. ఆ క్షారంలో స్ట్రువైట్ అనే ఖనిజం పేరుకుని మూత్రాశయం లోపలి గోడకు సున్నపు పెచ్చులా అంటుకుంటుంది. క్రిమి దాని చాటున ఉంటుంది, మందు సరిగా అందదు. పాపం, ఆ గరుకుకే అంత మంట. ప్రోటియస్, స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాలు కూడా పీహెచ్ పెంచుతాయి గానీ సాధారణంగా మర్నాటికే కల్చర్ ప్లేటు మీద కనబడతాయి. కొరైనీబ్యాక్టీరియం పెరగడం నెమ్మది, అందుకే కల్చర్‌ను 72 గంటలు ఉంచమని ల్యాబ్ చీటీలోనే రాయించండి. శాంపిల్ సూదితో నేరుగా మూత్రాశయం నుంచి తీయించి, మన ఎండలకు ఐస్‌పెట్టెలో పంపండి. ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టు రాకుండా మూడో కోర్సు వద్దు, ఇది చాలా మందులకు లొంగదు. పెచ్చు మందంగా ఉంటే ఆపరేషన్‌తో గీకి తీయాల్సి రావచ్చు.